పేకాటలో ఆఖరి ఘట్టం

చతుర్ముఖ పారాయణమనగానే ఇంట్లో పెద్దలు ముఖం చిట్లించడం, ఆడేవాళ్లు తలుపు ఓరగా వేసుకోవడం మనకు కొత్త కాదు. కోస్తా వారు చీట్లపేక అంటారు. మా వర్ధన్నపేట వైపు పత్తాలంటాం. పేరేదైనా, శివరాత్రి జాగారానికీ పెళ్లివారి విడిదికీ ఒక జత లేనిదే పొద్దు గడవదు. ఆటను మెచ్చుకోవడానికి గాని, తిట్టడానికి గాని నేనీ వ్యాసం రాయడం లేదు. ఆటలో ఆఖరి ఘట్టం వుంది చూశారూ, అక్కడ మనిషి బుద్ధి ఎలా పనిచెయ్యాలో ముచ్చటించాలని వుంది.

ముందు మనకు తెలిసిన ఆటతోనే మొదలుపెడదాం. రమ్మీ ఆడే ఇళ్లలో 201 ఆట తెలియనివారుండరు. ఓడినవాడి చేతిలో మిగిలిన ముక్కల విలువ అతని పద్దున పడుతుంది. పద్దు 201 ముట్టినవాడు లేచిపోవాలి. చివరిదాకా మిగిలినవాడిది గెలుపు. వచ్చిన ముక్కలు బాగా లేకపోతే ఆడకుండానే డ్రాపు చేసి 25 రాయించుకోవచ్చు. ఆట మధ్యలో దింపితే 50. నిండా దొరికిపోతే 80.

ఇప్పుడు లెక్క చూడండి. మీ పద్దు 175 వుంటే ఇంకొక డ్రాపు చేసి 200తో బతకవచ్చు. 176 అయిందా, డ్రాపు లేదు! ఒక్క అంకె తేడా. “కంపల్సరీ!” అని పక్కవాడు సంబరంగా ప్రకటిస్తాడు. 60 దగ్గర వున్నప్పుడు మారుమాట లేకుండా దింపెయ్యవలసిన ముక్కలనే, 180 దగ్గర మహాప్రసాదమని కళ్లకద్దుకుని ఆడాలి. ముక్కలు అవే, పద్దు మారింది. అంచేత ఆఖరి ఘట్టంలో తెలివైనవాడు తన చేతికంటే ముందు పద్దు కాగితం చూస్తాడు. ఎవరికెన్ని డ్రాపులు మిగిలాయి? ఎవరు కంపల్సరీలో పడ్డారు?

ఇదే సంగతి పెద్దయెత్తున కనబడేది పోకర్ టోర్నమెంటులో. అందరూ ఒకే రుసుము కట్టి, సమానంగా పందెపు బిళ్లలు తీసుకుంటారు. ఆ బిళ్లలను మధ్యలో డబ్బుగా మార్చుకునే వీల్లేదు. అన్నీ పోగొట్టుకున్నవాడు లేచిపోతాడు. ముక్కలు చూడకుండానే వంతులవారీగా కట్టవలసిన ‘బ్లైండు’ పందేలు వుంటాయి. అవి కాలం గడిచేకొద్దీ పెరుగుతూ పోతాయి. 2023లో లాస్ వేగస్‌లో జరిగిన ప్రపంచ పోటీ ప్రధాన టోర్నమెంటులో 10,043 మంది తలా పది వేల డాలర్లు కట్టి కూర్చున్నారు. బహుమతులు 1,507. తక్కిన 8,536 మంది వట్టి చేతులతో లేచారు. బహుమతుల వరుసకు ఒక్క మెట్టు కింద పోయే దురదృష్టవంతుడికి అక్కడివారు ‘బుడగ’ అని పేరు పెట్టారు. గంటలకొద్దీ ఆడి, గట్టు చేరబోతూ మునిగిపోవడమన్నమాట.

ఆ మెట్టు దగ్గర బిళ్ల విలువ ఎలా మారుతుందో ఒక చిన్న లెక్క చెబుతాను. నలుగురు మిగిలారు. ఒక్కొక్కరి దగ్గర 2,500 బిళ్లలు. బహుమతులు మూడే: 50, 30, 20 రూపాయలు. అందరూ సమానం గనక ఒక్కొక్కరి ఆశ విలువ 25 రూపాయలు. ఇద్దరు పంతానికి పోయి వున్నవన్నీ ఒడ్డారనుకోండి. ఒకడు పోతాడు, రెండోవాడి దగ్గర 5,000 బిళ్లలవుతాయి. బిళ్లలు రెట్టింపయ్యాయి గనక అతని విలువ 50 అయిందనుకుంటాం. కాలేదు! ఎవరి దగ్గర ఎన్ని బిళ్లలున్నాయో అంత నిష్పత్తిలో మొదటి స్థానం వచ్చే అవకాశం వుందనుకుని, ఆ తర్వాతి స్థానాలకూ అలాగే లెక్క కడితే తేలేది 38 రూపాయల 33 పైసలు. పోతే పోయేది 25. వస్తే వచ్చేది 13 చిల్లర. అంటే నూటికి 65 సార్లకు పైగా గెలిచే చెయ్యి అయితే తప్ప ఆ పంతం గిట్టదు. చిన్న జంటకూ దానికంటే పెద్దవైన రెండు విడి ముక్కలకూ పోటీ వస్తే జంట గెలిచేది సుమారు 55 సార్లే. మొదటి గంటలో మంచిదనిపించుకున్న ఆ చెయ్యి ఇక్కడ నష్టపు బేరం.

మిగిలిన ఇద్దరి సంగతి చూశారా? చేతులు కట్టుకు కూర్చున్నందుకు వారి విలువ తలా 25 నుంచి 30 రూపాయల 83 పైసలకు పెరిగింది. మా అత్తగారికి పోకర్ పేరు కూడా తెలియదు. కాని చింతగింజలు పందెంగా పెట్టుకుని పిల్లా పెద్దా ఆడుకునేటప్పుడు, అల్లుళ్లిద్దరూ మీసాలు మెలేసుకుంటున్నారని కనిపెడితే చాలు, ఆవిడ తన ముక్కలు బోర్లించి వక్క కత్తిరించుకుంటూ కూర్చుంటుంది. “వాళ్లు తేల్చుకోనీ నాయనా” అంటుంది. పై లెక్కంతా ఆ మాటలో వుంది.

అలాగని ప్రతిసారీ ముక్కలు పారేసేవాణ్ణి బ్లైండ్లు చెదల్లా తినేస్తాయి. 1995లో ప్రపంచ పోటీ గెలిచిన డాన్ హారింగ్టన్, 2003లో 839 మందిలో మూడోవాడుగా, 2004లో 2,576 మందిలో నాలుగోవాడుగా నిలిచాడు. ఆఖరి ఘట్టం మీదనే 2005లో ఒక సంపుటం వెలువరించాడు. అందులో పాల్ మేగ్రియల్ అనే గణితవేత్త చెప్పిన కొలత వాడుకున్నాడు. మీ బిళ్లలను ఒక చుట్టు తిరిగేసరికి కట్టవలసిన పందెంతో భాగించండి. 12,000 బిళ్లలున్నాయి, చుట్టుకు 1,500 ఖర్చు: ఎనిమిది చుట్ల ఆయుష్షు. ఇరవైకి పైన వుంటే నింపాదిగా ఆడవచ్చు. పదికి దిగితే తొందరపడాలి. అయిదుకు దిగితే వున్నవన్నీ ఒడ్డడమో, ముక్కలు పారెయ్యడమో, రెండే మార్గాలు. అప్పుడు కూడా ఎదుటివాడి పందేనికి బదులు పలకడం కంటే ముందుగా మనమే ఒడ్డడం మేలు. ముందు ఒడ్డినవాడికి రెండు గెలుపులున్నాయి: అందరూ తప్పుకున్నా గెలుపే, ముక్కలు తిప్పాక పైచెయ్యి అయినా గెలుపే. బదులు పలికినవాడికి రెండోది ఒక్కటే.

ఎవరి మీద ఒడ్డాలన్నది మరో ప్రశ్న. బిళ్లలు అడుగంటినవాడు తెగించి వుంటాడు. వాణ్ణి బెదిరించి లాభం లేదు. మనకంటే రాశి పెద్దదైనవాడు మనల్ని ఒక్క ఆటలో లేపగలడు. వాడి జోలికి గట్టి చెయ్యి లేనిదే పోకూడదు. నడిమి తరగతివాడు వున్నాడే, వాడికి పోగొట్టుకోవలసిందీ వుంది, గట్టెక్కాలనే ఆశా వుంది. పెద్ద రాశి గలవాళ్లు పదేపదే పందెం పెంచి బెదిరించేది అతణ్ణే. మనం ఆ నడిమివాళ్లమైనప్పుడు ఈ సంగతి తెలిసి వుండటం మరీ అవసరం.

భారతం అరణ్యపర్వంలో నలుడి కథ వుంది. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న నలుడికి, తాండ్రచెట్టు ఆకులూ కాయలూ చూపుతోనే లెక్కకట్టిన ఋతుపర్ణుడు అక్షహృదయం నేర్పాడు. ఆ విద్య వచ్చాకనే నలుడు పుష్కరుడితో మళ్లీ ఆడి రాజ్యం రాబట్టుకున్నాడు. పాచికల విద్యను కవి ఆకుల లెక్కతో ముడిపెట్టడం నాకెప్పుడూ ముచ్చటగా వుంటుంది.

“మరి నైపుణ్యం గల ఆటే గదా సార్, డబ్బు పెట్టి ఆడితే తప్పేమిటి?” అని నా విద్యార్థులే అడుగుతుంటారు. సికింద్రాబాదు క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు కేసులో, 1967 నవంబరులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆటేనని సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజం. కాని మన తెలంగాణలో 2017లో జూద చట్టాన్ని సవరించి పందెపు రమ్మీని కూడా నిషేధంలోకి తెచ్చారు. డబ్బు పెట్టి ఫోనుల్లో ఆడే ఆటలను దేశమంతటా నిషేధిస్తూ పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసింది. చట్టం మాట అటుంచినా, లాస్ వేగస్‌లో వట్టి చేతులతో లేచిన ఆ 8,536 మందిలో నైపుణ్యం గలవారు ఎందరు లేరు? ఒక్క పోటీలో విద్య గలవాడు కూడా చాలాసార్లు ఓడుతూనే వుంటాడు. ఇంటి ఖర్చుకు పెట్టుకున్న డబ్బు అన్ని ఓటములకు తట్టుకోదు. అడిగినవాళ్లకు నేను చెప్పే లెక్క ఇదే.

కనక పందేనికి చింతగింజలే చాలు. బహుమతి కావాలంటే మొదటివాడికి అరిసెలు, రెండోవాడికి సకినాలు, మూడోవాడికి మురుకులు పెట్టండి. పద్దు రాసే పని ఇంట్లో లెక్కలంటే బెదిరే పిల్లకో పిల్లవాడికో అప్పగించండి. ఎవరికెన్ని డ్రాపులు మిగిలాయో నాలుగు రోజుల్లో మనకే చెప్పడం మొదలుపెడతారు.