మూడు వేల డాలర్ల రైఫిల్ కొంటే గురి కుదురుతుందా?

అమెరికాలో ఉంటున్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకప్పుడు టెస్లానా, టొయోటానా అని వాదనలు నడిచేవి. ఇప్పుడు కొన్ని గ్రూపుల్లో ఆ వాదన రైఫిళ్ల మీదికి మళ్లింది. టెక్సాస్, జార్జియా లాంటి రాష్ట్రాల్లో వారాంతం షూటింగ్ రేంజ్‌కి వెళ్లడం బౌలింగ్‌కి వెళ్లినంత మామూలు విషయం. ఆఫీసు స్నేహితులతో సరదాగా మొదలై, తర్వాత అదే హాబీగా మారిపోతుంది. హాబీ ముదిరాక వచ్చే ప్రశ్న ఒక్కటే: "ఏది కొనాలి బ్రో?"

జవాబులు కుప్పలుగా వస్తాయి. ఒకరు జర్మన్ ఇంజినీరింగ్ అంటారు, ఇంకొకరు అమెరికన్ ఆర్మీ వాడేదే బెస్ట్ అంటారు. ధర చూస్తే 2,000 డాలర్ల నుంచి 3,500 దాకా ఉంటుంది. అంత పెడితే మనకు నిజంగా వచ్చేదేమిటో లెక్కలేసి చూద్దాం.

ముందు వీసా చూసుకోండి

రైఫిల్ సంగతి తర్వాత. ముందు పాస్‌పోర్టులో ఉన్న వీసా ఏమిటో చూసుకోవాలి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. అంటే హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, పిల్లల్ని చూడటానికి వచ్చిన అమ్మానాన్నల విజిటర్ వీసా, అన్నీ ఇందులోకి వస్తాయి. కొనడమే కాదు, రేంజ్‌లో అద్దెకు తీసుకుని పేల్చినా చట్టం దృష్టిలో అది "దగ్గర ఉంచుకోవడం" కిందికే రావచ్చు. రేంజ్ కౌంటర్‌లో డ్రైవింగ్ లైసెన్సు అడిగి లోపలికి పంపించేశారంటే మీకు అర్హత ఉందని కాదు.

దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. అందరికీ తెలిసినది ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని వేట లైసెన్సు. అయితే రాష్ట్ర చట్టాలు వేరుగా ఉంటాయి కాబట్టి ఇమిగ్రేషన్ లాయరుని అడగకుండా దాన్ని నమ్ముకుని ముందుకెళ్లొద్దు. అర్హత లేకుండా తుపాకీ దగ్గర పెట్టుకున్న నేరానికి 2022 నుంచి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. తుపాకీ నేరం రుజువైతే దేశం నుంచి పంపించేయడానికి కూడా అది చాలు. ఏళ్ల తరబడి గ్రీన్‌కార్డు కోసం క్యూలో ఉన్నవాడు రేంజ్‌లో దిగిన ఫొటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి, పౌరులకి ఈ అడ్డంకి లేదు. లైసెన్సున్న డీలర్ దగ్గర 4473 ఫారం నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ పూర్తయ్యాక కొనుక్కోవచ్చు. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఇల్లినాయ్, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాల్లో మాత్రం ఈ తరహా రైఫిళ్లలో చాలా వాటి మీద నిషేధమో, గట్టి ఆంక్షలో ఉన్నాయి. ఇల్లు మారి వేరే రాష్ట్రానికి వెళ్తున్నప్పుడు ఇది మర్చిపోతే ఇబ్బందే.

అసెంబుల్డ్ కంప్యూటర్ లాంటి తుపాకీ

ఏఆర్-15లో "ఏఆర్" అంటే అసాల్ట్ రైఫిల్ అని చాలామంది అనుకుంటారు. అది ఆర్మలైట్ అనే కంపెనీ పేరు నుంచి వచ్చింది. ఆ కంపెనీలో పనిచేసిన యూజీన్ స్టోనర్ 1950లలో దీనికి రూపమిచ్చాడు. 1959లో ఆర్మలైట్ హక్కుల్ని కోల్ట్‌కి అమ్మేసింది. సైన్యం వాడే ఎం16 దీని నుంచే వచ్చింది. 1977లో పేటెంటు గడువు తీరిపోవడంతో ఎవరైనా తయారు చేసుకునే వీలు దొరికింది.

అందుకే ఇవాళ ఏఆర్-15 అంటే ఒక కంపెనీ సరుకు కాదు, అసెంబుల్డ్ కంప్యూటర్ లాంటిది. ఒకరి ట్రిగ్గర్, ఇంకొకరి బ్యారెల్, మరొకరి స్టాక్ తెచ్చి బిగించుకోవచ్చు. సెమీ ఆటోమేటిక్ అంటే ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒకే తూటా పేలుతుంది. పేలినప్పుడు పుట్టిన గ్యాస్ ఒత్తిడే ఖాళీ తొడుగును బయటికి నెట్టి, తర్వాతి తూటాని లోపలికి తెస్తుంది. మళ్లీ పేలాలంటే మళ్లీ నొక్కాల్సిందే.

ఐదు పేర్లు, ఐదు స్వభావాలు

ఖరీదైన వాటిలో ఎక్కువగా వినిపించే ఐదింటిని చూద్దాం. ధరలు షాపుని బట్టి, హంగుల్ని బట్టి మారుతుంటాయి.

డేనియల్ డిఫెన్స్ డీడీఎం4 వీ7: జార్జియా రాష్ట్రంలో తయారవుతుంది. ధర దాదాపు 2,000 డాలర్లు, బరువు 3 కిలోల లోపు. బ్యారెల్‌ని చల్లగా ఉండగానే సుత్తి దెబ్బలతో సాగదీసి, లోపల క్రోమ్ పూత వేస్తారు. తొందరగా అరగదు. విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. హంగామా లేకుండా పనిచేసే బండి ఇది.

నైట్స్ ఆర్మమెంట్ ఎస్ఆర్-15: ఫ్లోరిడాలోని టైటస్‌విల్ నుంచి వస్తుంది. "ఎస్ఆర్" అంటే స్టోనర్ రైఫిల్. చివరి రోజుల్లో స్టోనర్ పనిచేసింది ఈ కంపెనీతోనే. పాత ఏఆర్‌లో బోల్ట్ తల చుట్టూ ఉండే పళ్లు విరిగేవి. ఆ పళ్లని గుండ్రంగా మలిచి, ఆ బలహీనతని వీళ్లు సరిచేశారు. ధర 2,500 పైనే. పేల్చినప్పుడు కుదుపు చాలా మెత్తగా ఉంటుంది. కాకపోతే ఆ బోల్ట్ పాడైతే మళ్లీ వీళ్ల దగ్గరే కొనాలి.

హెక్లర్ అండ్ కాక్ ఎంఆర్556: అమెరికన్ మెరైన్ల ఎం27, ఫ్రాన్స్ సైన్యం 2016లో ఎంచుకున్న రైఫిల్, రెండూ హెచ్‌కే416 కుటుంబానివే. దానికి పౌరుల కోసం చేసిన రూపం ఇది. ధర 3,500 అటూఇటూ. బరువు 4 కిలోలకు దగ్గర. దాని మీద స్కోప్, నిండు మ్యాగజైన్ పెడితే నిలబడి కాల్చేవాడికి పది నిమిషాల్లో భుజం లాగుతుంది.

సిగ్ ఎంసీఎక్స్ స్పియర్ ఎల్‌టీ: 2022లో అమెరికన్ ఆర్మీ కొత్త రైఫిల్‌గా ఎంచుకున్న స్పియర్‌కి ఇది తమ్ముడు. ఏఆర్‌లో వెనక స్టాక్ లోపల ఒక పెద్ద స్ప్రింగ్ గొట్టం ఉంటుంది కాబట్టి స్టాక్ మడవడం కుదరదు. సిగ్ ఆ స్ప్రింగుల్ని బోల్ట్ పైకి తెచ్చేసింది. దాంతో స్టాక్ పక్కకి మడిచి చిన్న బ్యాగులో పెట్టుకోవచ్చు. బ్యారెల్ మార్చి వేరే సైజు తూటాలు వాడుకోవచ్చు. ధర 2,500 అటూఇటూ.

జేపీ ఎంటర్‌ప్రైజెస్ జేపీ-15: మిన్నెసోటా కంపెనీ. సైన్యాన్ని కాకుండా పోటీ షూటర్లని దృష్టిలో పెట్టుకుని చేస్తారు. లోపల కదిలే భాగాల బరువు తగ్గించడం వల్ల కాల్చినప్పుడు గురి పెద్దగా చెదరదు, రెండో తూటాకి త్వరగా సిద్ధం కావచ్చు. హంగుల్ని బట్టి ధర 2,000 దాటి పోతూనే ఉంటుంది.

గ్యాసా, పిస్టనా?

గ్రూపుల్లో ఎక్కువ గొడవ దీని మీదే. మొదటి రెండూ, జేపీ కూడా స్టోనర్ పాత పద్ధతిలో పనిచేస్తాయి. గ్యాస్ సన్నని గొట్టం గుండా నేరుగా బోల్ట్ భాగంలోకి వస్తుంది. దాంతో లోపల మసి పేరుకుంటుంది, వేడెక్కుతుంది. హెచ్‌కే, సిగ్ తుపాకుల్లో గ్యాస్ ముందే ఒక చిన్న పిస్టన్‌ని కొడుతుంది. ఆ పిస్టన్ బోల్ట్‌ని వెనక్కి నెడుతుంది. లోపల శుభ్రంగా ఉంటుంది.

వినగానే పిస్టనే మేలనిపిస్తుంది. అయితే పిస్టన్‌తో ముందు భాగంలో బరువు పెరుగుతుంది, కుదుపు కొంచెం మొరటుగా ఉంటుంది, విడిభాగాలు చాలావరకు ఆ కంపెనీవే వాడాలి. పొట్టి బ్యారెల్‌తో, సైలెన్సర్ బిగించి, రోజుల తరబడి శుభ్రం చేసే వీలులేక వాడే సైనికుడికి పిస్టన్ వల్ల లాభం ఉంది. శనివారం 150 తూటాలు కాల్చి, ఆదివారం టీవీ చూస్తూ తుడుచుకునే మనిషికి మసి ఒక సమస్యే కాదు. తేలిగ్గా ఉండి, మెత్తగా పేలేదే అతనికి సుఖం.

మూడు తూటాల మాయ

"మా రైఫిల్ ఒక ఎంఓఏ కొడుతుంది" అని గొప్పగా చెప్తారు. ఎంఓఏ అంటే కోణంలో ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే అందులో ఒకటి. 100 గజాల దూరంలో అది సుమారు ఒక అంగుళం. అంటే కాల్చిన తూటాలన్నీ అంగుళం లోపలే పడ్డాయన్నమాట. మరి ఎన్ని తూటాలు? ఫొటోలో చూస్తే తరచూ మూడే ఉంటాయి.

సాఫ్ట్‌వేర్‌లో ఒక ప్రోగ్రామ్‌ని మూడుసార్లు నడిపి వేగం ఇంత అని రిపోర్టు ఇస్తే మేనేజర్ ఒప్పుకోడు. ఇక్కడా అదే లెక్క. తూటాలు గురి చుట్టూ ఒక పద్ధతిలో చెదురుతాయి. ఎక్కువ కాల్చేకొద్దీ బాగా దూరంగా పడేవి బయటపడతాయి. గణితం ప్రకారం అదే రైఫిల్, అదే తూటా, అదే మనిషి అయినా పది తూటాల గుంపు వెడల్పు సగటున మూడు తూటాల గుంపుకి సుమారు 1.6 రెట్లు ఉంటుంది. మూడింటితో అంగుళం కొట్టిన రైఫిల్ పదింటితో అంగుళంన్నర దాటుతుంది. ఒకరి మూడు తూటాల ఫొటోని, ఇంకొకరి పది తూటాల ఫలితంతో పోల్చి ఏ రైఫిల్ గొప్పదో తేల్చడం కుదరదు.

తూటా సంగతి కూడా ఉంది. అర డాలరు అటూఇటూ పడే మామూలు 55 గ్రెయిన్ల తూటాలు మంచి రైఫిల్‌లో కూడా రెండు, మూడు అంగుళాల గుంపు వేయడం మామూలే. అదే రైఫిల్‌లో డాలరు పైన పలికే 69 లేదా 77 గ్రెయిన్ల మ్యాచ్ తూటాలు వేస్తే గుంపు చాలా చిన్నదవుతుంది. 3,500 డాలర్ల రైఫిల్‌లో చవక తూటాలు వేసి కాల్చేవాడు, 800 డాలర్ల రైఫిల్‌లో మంచి తూటాలు వేసిన పక్కవాడి చేతిలో ఓడిపోవచ్చు.

లెక్క ఇలా వేయండి

మొదటి రైఫిల్‌కి 3,000 డాలర్లు పక్కన పెట్టారనుకుందాం. నమ్మకమైన మామూలు ఏఆర్-15 ఒకటి 700కి వస్తుంది. మిగిలింది 2,300. మామూలు ట్రిగ్గర్ లాగాలంటే రెండున్నర నుంచి మూడున్నర కిలోల బలం కావాలి. లాగేలోపే గురి కదిలిపోతుంది. 250 పెట్టి గైసలీ లాంటి కంపెనీ రెండంచెల ట్రిగ్గర్ వేయిస్తే ఆ బరువు సగానికి దగ్గరగా పడిపోతుంది. స్కోప్‌కి 500, తాళం పెట్టే ఇనుప బీరువాకి 300, శిక్షణ తరగతికి 250. ఇంకా 1,000 మిగులుతుంది. దాంతో రెండు వేల తూటాలు. నెలకి వంద చొప్పున ఇరవై నెలల సాధన.

ఇరవై నెలల తర్వాత మీకే తెలుస్తుంది ఏం కావాలో. వేగంగా కాల్చే పోటీల మీద మోజు పుడితే జేపీ. ఒకే రైఫిల్‌తో వేల తూటాలు కాల్చే అలవాటైతే డేనియల్ డిఫెన్స్ లేదా నైట్స్. చిన్న చోట సర్దుకోవాలంటే సిగ్. యంత్రాల మీద ప్రేమతో, ఒక చరిత్ర ఉన్న వస్తువుని దాచుకోవాలనిపిస్తే హెచ్‌కే. అప్పుడు పెట్టే డబ్బుకి అర్థం ఉంటుంది. గురి మాత్రం ఈలోపు కాల్చిన ఆ రెండు వేల తూటాలతోనే కుదిరి ఉంటుంది.

బీరువాని చివరికి వదిలేయొద్దు

పై లెక్కలో చాలామంది కొట్టేసేది బీరువా ఖర్చే. 2024లో అమెరికాలో చదువుకుంటున్న ఒక తెలుగు విద్యార్థి తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయిన వార్త మన ఊళ్లలో అందరం చదివాం. మ్యాగజైన్ తీసేసినా ఛాంబర్‌లో ఒక తూటా ఉండిపోవచ్చు. సెమీ ఆటోమేటిక్‌లో ఇది మరీ సులభంగా జరుగుతుంది, ఎందుకంటే పేలిన ప్రతిసారీ తర్వాతి తూటా దానంతటదే లోపలికి వచ్చి కూర్చుంటుంది. అందుకే వరస తప్పకూడదు. ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాత బోల్ట్ వెనక్కి లాగి ఛాంబర్ కంటితో చూడాలి, వేలు పెట్టి తడిమి చూడాలి. ఆ తర్వాతే గుడ్డ, నూనె. తూటాల డబ్బా ఆ గదిలోనే ఉండకూడదు.

ఇంట్లో పిల్లలుంటే ఇంకో మాట. టెక్సాస్‌లో తూటాలు నింపిన తుపాకీ 17 ఏళ్లలోపు పిల్లల చేతికి అందేలా వదిలేయడం నేరం. చట్టం లేని రాష్ట్రమైనా పిల్లలు పిల్లలే. సెలవులకి వచ్చిన చుట్టాల పిల్లలు ఏ అలమారా తెరుస్తారో ఎవరూ చెప్పలేరు.

అందుకని కొనే వరస ఇలా పెట్టుకోండి: వీసా, శిక్షణ, బీరువా, తూటాలు, ఆ తర్వాత రైఫిల్. కంపెనీ పేరు మీద వాదన ఎంతసేపైనా చేసుకోవచ్చు, దానికి లైసెన్సు అక్కర్లేదు.