12345654321: ఒక సంఖ్య చెప్పు సాక్ష్యము

9వ శతాబ్దమున రాష్ట్రకూటప్రభువైన అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. దానిని తెనిగించిన పావులూరి మల్లన 11వ శతాబ్దివాడని ప్రసిద్ధి. మూలగ్రంథమున గుణకారమునకు చూపిన లెక్కలలో 27994681ను 441చే గుణించునది యొకటి. లబ్ధము 12345654321. ఒకటి మొదలు ఆరువరకు పెరిగి, మరల క్రమముగా ఒకటివరకు తగ్గు అంకెల వరుస యిది. దీనిని కేవల వినోదమని విడుచువారు గలరు. ప్రాచీనగ్రంథముల పాఠమును పరిష్కరించువారికి మాత్రము ఇట్టి సంఖ్య గట్టి సాధనము.

ముందుగా దీని స్వరూపమును చూతము. ఇది 111111 యొక్క వర్గము. 111111ను దానిచేతనే గుణించినచో ఆరు వరుసలును 111111లే యగును. ఒక్కొక్క వరుస ఒక్కొక్క స్థానము ఎడమకు జరుగును. కాన ఒకట్ల స్థానమున ఒక ఒకటి, పదుల స్థానమున రెండు, ఇట్లు ఆరవ స్థానమున ఆరు ఒకట్లు చేరి, పిదప ఒక్కొక్కటిగా తగ్గును. ఏ స్థానమునను మొత్తము 9ని దాటదు కనుక పై స్థానమునకు చేర్చవలసిన దేమియు లేదు. తొమ్మిది ఒకట్లవరకు ఈ క్రమము నిలుచును. పది ఒకట్ల వర్గము 1234567900987654321. అచ్చట క్రమము చెడినది.

111111 = 3 × 7 × 11 × 13 × 37. ఇందు 3, 7ల లబ్ధము 21. దాని వర్గము 441. తక్కిన మూడింటి లబ్ధము 5291. దాని వర్గము 27994681. అనగా గుణ్యగుణకములు రెండును వర్గములే.

ఇక పాఠవిచారము. వ్రాయసకాడు 27994681లో ప్రక్కప్రక్కనున్న 9, 4లను తారుమారు చేసి 27949681 అని వ్రాసెననుకొందము. అంకెల మొత్తము మారదు; కాన తొమ్మిదిచే చేయు పరీక్ష ఈ తప్పును పట్టజాలదు. సరియైన సంఖ్య 11చే నిశ్శేషముగా భాగింపబడును. తప్పు సంఖ్య భాగింపబడదు. ఒక అంకె మాత్రమే మారినను ఈ పరీక్ష తప్పక పట్టును.

పదములతో చెప్పిన అంకెలను ఒకట్ల స్థానము మొదలుకొని ఎడమకు వ్రాయుట సంప్రదాయము. దీనిని మరచి తలక్రిందుగా వ్రాసినచో 18649972 వచ్చును. ఇదియు 11చే భాగింపబడును! కాని 441చే గుణించినచో చివర 2 వచ్చును గాని 1 రాదు. లబ్ధము మాత్రము ఎటు చదివినను ఒక్కటే; కావున చదువరి దిక్కు తప్పినను అది చెడదు.

పద్యమున సందేహపదము వచ్చినపుడు ఛందస్సును, అర్థమును విచారింతుము. రెండు పాఠములును ఛందస్సునకు సరిపోవచ్చును. లెక్కకు సరిపోవునది సాధారణముగా ఒక్కటియే. గణితపద్యములను పరిష్కరించువారు ప్రతులను పోల్చుటతో తృప్తిపడక, లెక్కను చేసి చూచుట అవసరము.