బాడిస పట్టిన మడనేల

కాకినాడ నుంచి యానాం రోడ్డెక్కి చొల్లంగి దాటితే ఎడమ చేతివైపు మడ అడవి, కుడివైపు వరిచేలు. ఉప్పునీటికీ మంచినీటికీ నడుమనున్న ఈ దారిలోనే కోరంగి, తాళ్లరేవు ఊళ్లు వస్తాయి. పంటా పడవా రెండూ తెలిసిన నేల ఇది.

సముద్రం ఇచ్చిన చోటు

ఆరు వేల ఏళ్ల కిందట ఇక్కడ సముద్రమే ఉండేది. గోదావరి ఏటేటా మోసుకొచ్చిన ఒండ్రుతో ఒడ్డు మెల్లమెల్లగా తూర్పుకు జరిగింది. ఆ తర్వాతి కాలంలో ఎగువన మెట్ట ప్రాంతాల్లో కొత్త రాతియుగపు సేద్యం వేళ్లూనుకుంది. పూర్వపు పాలమూరు జిల్లా ఉట్నూరులో పశువుల పేడ కాలి గుట్టలైన బూడిద దిబ్బలూ, కృష్ణ ఒడ్డున నాగార్జునకొండలో దొరికిన ఆనవాళ్లూ ఆ జీవనానికి సాక్ష్యం. ఉలవలు, పెసలు, చిరుధాన్యాలు వాళ్ల పంటలు. నూరి పదును పెట్టిన రాతి గొడ్డలి వాళ్ల పనిముట్టు.

తాటిచెట్టే తొలి పడవ

పంట సంగతి అది; ఇక పడవ. చెట్టును తొలిచి నీటి మీద నడిపే విద్య డెల్టాలో ఇటీవలి దాకా బతికే ఉంది. తాటిమాను బయట చేవ, లోపల మెత్తని దవ్వ. ఆ దవ్వ తీసేస్తే దోనె తయారు. కొల్లేరులోనూ గోదావరి పాయల్లోనూ ఇలాంటి దోనెలు రెండేసి జతకట్టి నడిపేవారు. క్రీస్తుశకం ఒకటో శతాబ్దపు గ్రీకు గ్రంథం ‘పెరిప్లస్’ తూర్పు తీరంలో దుంగలు కలిపి కట్టే ‘సంగర’ అనే పెద్ద పడవలను పేర్కొంది. ఆ తర్వాతి శతాబ్దంలో శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి తన నాణెం మీద రెండు తెరచాప కొయ్యల ఓడను ముద్రించాడు.

ఓడలూ ఉప్పెనలూ

పద్దెనిమిదో శతాబ్దానికి కోరంగి ఓడలు కట్టే రేవుగా, దెబ్బతిన్నవాటిని బాగుచేసే చోటుగా పేరుపడింది. ఇక్కడి నుంచి ఎంతమంది రంగూన్ వెళ్లారంటే, బర్మాలో తెలుగువాళ్లను కోరంగీలనే పిలిచేవారు. 1789, 1839 ఉప్పెనలు ఈ రేవును ఊడ్చేశాయి. నదీముఖం మేటవేసింది. వ్యాపారం కాకినాడకు తరలింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాల్వలు పొలాలకు నీళ్లిచ్చాయి, ధాన్యం పడవలకు దారీ ఇచ్చాయి.

రేవు పోయినా పడవ కట్టే పని తాళ్లరేవులో నిలిచింది. కాగితం మీద నమూనా లేకుండా, కంటి కొలతతో పడవకు వంపు తీర్చే వడ్రంగుల ఊరు ఇది. బాడిసతో పలక చెక్కి, సందుల్లో నార కూరి, గుగ్గిలం నూనెతో కలిపి పూయడం తండ్రి పక్కన నిలబడి కొడుకు నేర్చిన పని. కలప ధర పెరిగి ఫైబర్ పడవలు వచ్చాక ఆ పని తగ్గిపోతోంది.

కాపాడాల్సిన రెండు

1978లో కోరంగి మడ అడవిని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. తెల్లమడ, నల్లమడ, తిల్ల చెట్ల నడుమ నీటికుక్కలూ బావురుపిల్లులూ తిరుగుతాయి. చేపపిల్లలు పెరిగేదీ, తుఫాను అలల జోరు తగ్గేదీ ఈ వేళ్ల మధ్యే. ఎండిన చోట్లకు పోటునీరు అందేలా చేపముల్లు ఆకారంలో కాల్వలు తవ్వి మడలను తిరిగి పెంచిన అనుభవం మనకుంది.

అడవికి చట్టం అండ దొరికింది. పడవ విద్యకూ అలాంటి అండ కావాలి. పెద్ద వడ్రంగుల చేతిపనిని కొలతలతో సహా నమోదు చేయాలి. తాటిదోనె నుంచి తెరచాప ఓడ దాకా అన్నీ చూపే ప్రదర్శనశాల ఒకటి కోరంగిలోనే పెట్టాలి. కాకినాడ కాలేజీల్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఒక్క పడవ నిర్మాణాన్నయినా మొదటి నుంచి చివరిదాకా వడ్రంగి పక్కన ఉండి రాసుకోవాలి. ఈ పని చేయించుకోవలసింది పనితెలిసిన చేతులు మన మధ్య ఉండగానే.