గేటు దగ్గర కాపలా – లోపలివారి క్షేమం



ఆరోగ్య పత్రికలో గేటు గురించి, వాచ్‌మన్ గురించి రాయడమేమిటని కొందరు అనుకోవచ్చు. మన సంఘ కుటుంబాలలో చాలామంది జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాల్లోని పెద్ద భవనాలలో పనిచేస్తున్నారు. కొందరు అక్కడ గార్డులు, కొందరు హౌస్‌కీపింగ్‌లో, మరికొందరు క్లినిక్కులలో ఉన్నారు. మన దగ్గర డిశ్చార్జి అయిన రోగులు కూడా స్కానింగులకు, పంటి వైద్యానికి ఆ భవనాలకే వెళ్తుంటారు. అటువంటి చోట తలుపు ఎవరికి తెరుచుకుంటుంది, ఎప్పుడు తెరుచుకోకుండా పోతుంది అన్నది ప్రాణాలకు సంబంధించిన సంగతి.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుండి రోడ్ నంబర్ 36 మీదుగా వెళ్ళేవారికి ఈ భవనాలు బాగా తెలుసు. సెల్లార్‌లో పార్కింగ్, కింద బట్టల షోరూమ్ లేదా బ్యాంకు, పైన క్లినిక్, ఆ పైన ఆఫీసులు, అన్నిటికంటే పైన హోటలు. ఫిల్మ్‌నగర్ వైపు అయితే వీటికి సినిమా ఆఫీసులు, డబ్బింగ్, ఎడిటింగ్ గదులు తోడవుతాయి. కృష్ణానగర్ నుండి ఫోటోల ఆల్బమ్ పట్టుకొని వేషాల కోసం వచ్చే పిల్లలు, కొరియర్ కుర్రాళ్ళు, క్యారియర్లు తెచ్చేవారు, హీరోను ఒక్కసారి చూడాలని వచ్చే అభిమానులు, చక్రాల కుర్చీలో వచ్చే రోగి, అందరూ ఒకే గేటులోంచి రావాలి. ప్రతి ఆఫీసు తన గది తలుపు వరకు బాగానే చూసుకుంటుంది. మెట్లు, లిఫ్టు, సెల్లార్ మాత్రం ఎవరివీ కావు. చిక్కంతా అక్కడే వస్తుంది.

మన నగరంలో ఈ విషయమై చట్టం ఉన్నది. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్ వద్ద, మళ్ళీ 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలిన సంగతి మీరు మరచిపోయి ఉండరు. ఆ 2013లోనే ప్రజా భద్రతా చర్యల అమలు చట్టం వచ్చింది. వందమంది ఒకేసారి చేరే దుకాణ సముదాయాలు, ఆసుపత్రులు, ప్రార్థనా స్థలాలు వంటివి లోపలికి వచ్చేవారిని అదుపు చేసే ఏర్పాటు చేసుకోవాలి, సీసీ కెమెరాలు పెట్టాలి, ఆ దృశ్యాలను 30 రోజులు దాచి ఉంచాలి. అయితే కెమెరా జరిగినదాన్ని చూపుతుందే గాని జరగబోయేదాన్ని ఆపదు. మెటల్ డిటెక్టర్ కూడా అంతే. అది కూస్తూ ఉంటుంది, గార్డు తల ఎత్తడు, మనం నడిచి వెళ్ళిపోతాం. అటువంటి డిటెక్టర్ గుమ్మానికి కట్టిన తోరణంతో సమానం.

ఆసుపత్రి పద్ధతి చూస్తే ఏమి చేయాలో తేలికగా అర్థమవుతుంది. ఓ.పి.లోకి ఎవరైనా రావచ్చు. వార్డుకు పాసు కావాలి. ఆపరేషన్ థియేటర్‌లోకి అక్కడ పని ఉన్నవారే వెళ్తారు. అలాగే షోరూమ్ అందరికీ తెరిచి ఉండవచ్చు గాని, లిఫ్టు దగ్గరకు వెళ్ళేవారు కౌంటరు దాటి వెళ్ళాలి. వచ్చినవారు ఎవరి దగ్గరకు వచ్చారో చెప్తారు. గార్డు ఆ ఆఫీసుకు ఫోన్ చేసి అడుగుతాడు. "సార్ రమ్మన్నారు" అన్న మాట ఒక్కటే చాలదు. తరువాత అంతస్తును బట్టి రంగు పాసు ఇస్తారు, వెళ్ళేటప్పుడు తీసుకుంటారు. తీసుకోవడం చాలాచోట్ల మానేస్తున్నారు. పాసులు తిరిగి వస్తేనే లోపల ఇంకా ఎంతమంది ఉన్నారో లెక్క తెలుస్తుంది. ప్రమాదం జరిగితే ఫైరింజన్ సిబ్బందికి వెంటనే కావలసినది ఆ లెక్కే.

ఎక్కువ భవనాలలో సెల్లార్ నుండి లిఫ్టు నేరుగా పై అంతస్తులకు పోతుంది. కారులో వచ్చినవారు కౌంటరు ముఖం చూడనక్కరలేదు. లిఫ్టు తప్పనిసరిగా గ్రౌండ్ ఫ్లోర్‌లో ఆగేటట్లు చేయడమో, సెల్లార్‌లోనే ఒక గార్డును పెట్టడమో చేయాలి. కార్డు పెడితే తెరుచుకునే తలుపుల దగ్గర ఇంకొక బలహీనత, మన మర్యాద. ఒకరు కార్డు పెట్టి, వెనుక వచ్చే ముగ్గురి కోసం తలుపు పట్టుకొని నిలబడతారు.

గార్డులకు ఒక మనవి. క్లినిక్‌కు వచ్చిన రోగిని ఏ అంతస్తుకు అని అడగండి, ఏమి జబ్బు అని పదిమందిలో అడగవద్దు. ఆడపిల్లల ఫోన్ నంబరు రాసిన రిజిస్టరు తెరిచి బల్ల మీద వదిలేయవద్దు. తరువాత వచ్చినవాడు సెల్‌ఫోన్‌తో ఆ పేజీ ఫోటో తీసుకోవడానికి ఒక క్షణం చాలు. నంబరు ఒక చీటీ మీద రాయించి పెట్టెలో వేయించడం మేలు.

ఇక ముఖ్యమైన మాట. లోపలికి రాకుండా ఆపడం కాపలాలో సగమే. లోపలివారు బయటికి రాగలగాలి, సహాయం లోపలికి పోగలగాలి. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు చెలరేగినప్పుడు ఆరుగురు యువతీయువకులు చనిపోయారు. వారిని బలిగొన్నది పొగ. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ స్థానాన్ని ఆక్రమిస్తుంది, మనిషి కొద్ది నిమిషాలలోనే స్పృహ తప్పుతాడు. అంతకుముందు 2011 డిసెంబరు 9న కోల్‌కతా ఏ.ఎం.ఆర్.ఐ. ఆసుపత్రిలో సెల్లార్‌లో పుట్టిన పొగ వార్డులకు ఎక్కి సుమారు 90 మంది మరణించారు. వారిలో రోగులను కాపాడుతూ ప్రాణాలు విడిచిన ఇద్దరు కేరళ నర్సులు ఉన్నారు. పొగ చూసి సహాయానికి పరుగెత్తి వచ్చిన బస్తీవారిని మొదట గార్డులు వెనక్కి పంపారని ఆ బస్తీవారే అప్పట్లో పత్రికలకు చెప్పారు. గేటు వద్ద ఉన్న మనిషికి "ఎవరినీ రానివ్వకు" అని మాత్రమే నేర్పితే అతను ఇంకేమి చేస్తాడు?

అత్యవసర ద్వారాన్ని అది ఎవరి కోసం ఉందో వారి వైపు నుండి తాళంచెవి లేకుండా తెరవగలగాలి అని జాతీయ భవన నియమావళి చెప్తున్నది. కాని దొంగల భయంతో మెట్ల తలుపుకు గొలుసు వేస్తారు, టెర్రస్‌కు తాళం వేస్తారు, మెట్ల మీద అట్టపెట్టెలు పేరుస్తారు. దొంగల భయం ఉంటే, లోపలి నుండి అడ్డకడ్డీ నెట్టగానే తెరుచుకొని, వెంటనే గార్డు దగ్గర గంట మోగే తలుపు పెట్టించవచ్చు. కార్డు తాళాలలో రెండు రకాలున్నాయి. కరెంటు పోతే వదిలేసేవి కొన్ని, కరెంటు పోయినా బిగిసి ఉండేవి కొన్ని. మనుషులు బయటికి వచ్చే దారిలో మొదటి రకమే ఉండాలి, ఫైర్ అలారం మోగగానే అది వదలాలి. మీరు పనిచేసే చోట ఏది ఉందో ఈ వారమే అడగండి.

అభిమానులు గుమికూడే రోజున ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. 2024 డిసెంబరు 4 రాత్రి ఆర్టీసీ క్రాస్ రోడ్స్ సంధ్య థియేటర్ వద్ద తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కుమారుడు నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. గుంపులో కింద పడినవారే చనిపోతారనుకుంటాం. అది నిజం కాదు. నాలుగు వైపులా ఒత్తిడి ఉంటే నిలబడి ఉన్నవారి ఛాతీ కూడా విచ్చుకోదు, ఊపిరి ఆగిపోతుంది. అందుచేత వచ్చే దారి, పోయే దారి వేరుగా ఉంచాలి. ప్రముఖులు వచ్చే సంగతి గార్డులకు ముందే చెప్పాలి. సర్‌ప్రైజ్ అని దాచడం మాకు నచ్చదు.

ఇదంతా చేయవలసిన గార్డుకు శిక్షణ ఎంత? ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం 2005లో వచ్చింది. దాని నమూనా నియమాల ప్రకారం కొత్త గార్డుకు 100 గంటల పాఠాలు, 60 గంటల క్షేత్ర శిక్షణ ఉండాలి. అగ్నిప్రమాదం, ప్రథమ చికిత్స, గుర్తింపు పత్రాల తనిఖీ అందులో భాగమే. భవన యజమానులు తక్కువ జీతానికి మనిషి దొరికాడని కాక, ఏజెన్సీకి లైసెన్సు ఉందా, శిక్షణ సర్టిఫికెట్ ఉందా అని అడగాలి. మా కోరిక ఇంకొకటి ఉంది. లాబీలో ఎవరైనా కుప్పకూలితే ముందు చూసేది గార్డే. 108కి ఫోన్ చేసి, ఊపిరి లేకపోతే రొమ్ము మధ్య రెండు చేతులతో 5 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుండి 120 సార్లు నొక్కడం అతనికి నేర్పించాలి. ఇంకొకరు లిఫ్టును కిందనే ఆపి ఉంచాలి, అంబులెన్సుకు అడ్డంగా ఉన్న బండ్లు తీయించాలి. స్ట్రెచరు లిఫ్టులో పడుతుందో లేదో ముందే కొలిచి చూడాలి.

ఆ గార్డు చాలాచోట్ల 12 గంటలు నిలబడే ఉంటాడు. అలసిన కన్ను దేన్నీ పట్టదు. దుకాణాలలో పనిచేసేవారికి కూర్చునే ఏర్పాటు ఉండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం చేశాయి. ఇక్కడ యజమాని తలచుకుంటే రేపే ఒక ఎత్తు కుర్చీ వేయించవచ్చు. మంచినీళ్ళు, మూత్రశాల, గంటల కొద్దీ విడుపు ఇచ్చే మరో మనిషి కూడా అవసరం. గార్డు సోదరులు, సోదరీమణులు నిలబడే సమయంలో మడమలు పైకెత్తి దించుతూ ఉండాలి, ఇంటికి వెళ్ళాక కాళ్ళు దిండు మీద ఎత్తి పెట్టుకోవాలి. రెండు కాళ్ళకు సాయంత్రం వచ్చే వాపు తెల్లవారేసరికి తగ్గితే భయపడనక్కరలేదు. ఒకే కాలు వాచి పిక్కలో నొప్పి ఉంటే మాత్రం ఆ రోజే వచ్చి డాక్టరుగారికి చూపించుకోండి. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు.