రంగూను చావడి

మిషనెరీ యనగానే ప్రసంగపీఠముపై నిలిచి బోధించు మనుష్యుడు మన కన్నులకు కట్టును. కాని పరదేశమున నడుగుపెట్టిన యువ మిషనెరీ మొదట గురువు కాడు, శిష్యుడు. ఈ సంగతిని చదువరులకు విశదపరచుటకై అమెరికా దేశస్థుడగు అదోనిరాము జడ్సనుగారు బర్మాదేశమున గడపిన మొదటి యేడు సంవత్సరములను గూర్చి యిచ్చట కొంత వ్రాయదలచితిమి. ఆ దేశమునే నేడు మ్యాన్మారనియు, రంగూను పట్టణమును యాంగోననియు పిలుచుచున్నారు.

జడ్సనుగారు 1788వ సంవత్సరమున మాసచూసెట్సు రాష్ట్రమున ఒక పాదిరిగారి కుమారుడుగా జన్మించెను. బ్రౌను కళాశాలలో 1807లో తన తరగతికి ప్రథముడుగా నుత్తీర్ణుడయ్యెను. 1812 ఫిబ్రవరిలో ఆన్ అను విద్యావతిని వివాహమాడి, రెండు వారములకే ఆమెతో నోడ యెక్కెను. కలకత్తా చేరినంతనే ఈస్టిండియా కంపెనీవారు వారిని దేశము విడిచి పొమ్మనిరి. అచ్చటినుండి మారిషసు దీవికిని, పిమ్మట మద్రాసునకును వచ్చిరి. మద్రాసులోను కంపెనీవారి భయము తప్పలేదు. త్వరలో బయలుదేరు నోడ రంగూనునకు పోవునది యొక్కటియే యుండుటచే దాని నెక్కిరి. సముద్రముమీదనే వారికి కలిగిన తొలిబిడ్డ మృతశిశువాయెను. 1813 జూలై 13వ తేదీని రంగూను చేరునప్పటికి ఆయనకు ఇరువదినాలుగేండ్లు, ఆమెకు ఇరువదిమూడు. ఆనాడు రంగూను బర్మా రాజు ఏలుబడిలో నుండెను. ఏ తెల్లదొరతనపు రక్షణయు వారికి లేదు. ఇంతలో బాప్తిస్మమును గూర్చి వారి యభిప్రాయము మారుటచే, తమ్మును పంపిన సంఘముతోడి సంబంధమును వారు వదలుకొని యుండిరి. అమెరికాలోని బాప్టిస్టులు సంఘముగా కూడి వారి పోషణభారము వహించుట 1814 మే నెలలో గాని జరుగలేదు.

ఇక వారి దినచర్య యెట్టిదో చూతము. ఉదయము మొదలు సాయంకాలమువరకు పాఠమే. ఉపాధ్యాయునకు ఇంగ్లీషు రాదు. శిష్యులకు బర్మీయ భాష రాదు. కనుక ఒక వస్తువును వ్రేలితో చూపుట, ఆయన దాని పేరు పలుకుట, వీరు మరల పలుకుట, ఇదియే మొదటి పద్ధతి. స్త్రీకి చదువు చెప్పుటయం దాయనకు తొలుత శ్రద్ధ లేకుండెను. ఆమె పట్టుదల చూచిన తరువాతనే మనసు మార్చుకొనెను. గ్రంథములన్నియు ఎండిన తాటియాకులపై గీచిన యక్షరములు. పదమునకును పదమునకును నడుమ ఎడము లేదు. మన పెద్దల తాటాకు ప్రతులను చూచినవారికి ఈ కష్టము కొంత తెలియును. గ్రీకు హెబ్రీ భాషలు చదివిన పండితుడు మరల ఓనమాలకు కూర్చుండవలసి వచ్చెను.

ఇందొక విశేషము గలదు. జడ్సనుగారు వ్యాకరణముతో కుస్తీ పట్టుచుండగా, ఆన్ దొరసానిగారు ఇంటి వ్యవహారమంతయు తానే చక్కబెట్టుకొనుచు, పనివారితోను, అంగడివారితోను, ఇరుగుపొరుగు స్త్రీలతోను దినమెల్ల మాటలాడవలసి వచ్చెడిది. తత్ఫలితముగా భాష యొక్క నిర్మాణము ఆయనకెక్కువ తెలిసినను, జనులతో సంభాషించుట ఆమెకే ముందుగా నలవడెను. పరభాష నేర్చుకొను విద్యార్థు లీ సంగతి గమనింపదగును.

భాష వచ్చినంత మాత్రమున భావము రాదు. బర్మీయులు ఫయా యను నొక్క మాటనే బుద్ధునికిని, పగోడాకును, రాజునకును గూడ వాడుదురు. బౌద్ధధర్మమున నిత్యుడగు సృష్టికర్త యను తలంపు లేదు. అట్టిచోట దేవుడని యేమని చెప్పవలెను? ఉన్న పదమునకే నిత్యత్వమును తెలుపు విశేషణమును చేర్చి ఆయన పని సాగించెను. ఇట్లొక్కొక్క మాటకు వెదకుచు 1816లో చిన్న కరపత్రమొకటి వ్రాసెను. ఆ సంవత్సరమే సేరంపూరు మిషనువారిచ్చిన ముద్రాయంత్రముతో హౌగారు వచ్చి చేరిరి. 1817లో మత్తయి సువార్త యనువాదము ముగిసెను.

ఇంతవరకు ఒక్కరైనను క్రైస్తవులు కాలేదు. అంతేకాదు, 1815 సెప్టెంబరులో పుట్టిన కుమారుడు రోజరు మరుసటి మే నెలలో జ్వరముచే మరణించెను. ఆ యూర వారి దుఃఖమును పంచుకొనుటకు స్వజాతివారు లేరు. విశ్వాసమనగా నేమో యిట్టి దినములలోనే తెలియును. మరల తాటియాకు పుస్తకము తెరచి కూర్చుండుటయే వారి విశ్వాసమునకు సాక్ష్యము.

1819లో జడ్సనుగారు పగోడాలకు పోవు బాట ప్రక్కన ఒక జయతును కట్టించెను. జయతనగా మన చావడివంటిది. బాటసారులు ఎండకు వానకు నిలుచుటకును, నేలపై కూర్చుండి ముచ్చటలాడుటకును బర్మీయులు కట్టుకొను పందిరి యది. ఏప్రిలు 4వ తేదీని అచ్చట మొదటి బహిరంగారాధన జరిగెను. నాటినుండి ఆయన దినమెల్ల అచ్చటనే కూర్చుండి, దారిని పోవువారిని పిలిచి, వచ్చినవారితో సంభాషించుచుండెను. అదే చావడికి మౌంగ్ నౌ యను బీద కూలివాడొకడు వచ్చి మౌనముగా వినుచుండెను. జూన్ 27వ తేదీని సమీపమందలి చెరువులో అతడు బాప్తిస్మము పొందెను. జడ్సను దంపతులు వచ్చి ఆరేండ్లు నిండుటకు కొలది దినములే తక్కువ.

ఈ ప్రథమ ఫలముతో భయమును వచ్చెను. రాజధర్మమును విడిచి పరమతమున చేరిన ప్రజలకు శిక్ష తప్పదు. దొర శిక్షింపబడినను ఓడయెక్కి పోగలడు. మౌంగ్ నౌ యెచ్చటికి పోవును? ఈ చింతచేతనే జడ్సనుగారును కోల్మనుగారును ఏరావతీ నదిపై పయనించి, 1820 జనవరిలో బజీడా రాజును దర్శించిరి. బంగారు రేకు తొడిగిన ఆరు సంపుటముల బైబిలును కానుకగా తీసికొనిపోయిరి. రాజు కరపత్రమున మొదటి పంక్తులు చదివి నేలకు విడిచెను. మతస్వాతంత్ర్యము దొరకలేదు.

తిరిగి వచ్చి, ఇంగ్లీషువారి యేలుబడిలోని చిట్టగాంగు సీమకు పోదమని దొరలు నిశ్చయించుకొనిరి. కాని ఆ ముగ్గురు శిష్యులును ఒప్పుకొనలేదు. ఎనమండుగురో పదిమందియో శిష్యులగువరకైన నుండుడనియు, అటుపిమ్మట తమలో నొకడు తక్కినవారికి బోధింపగలడనియు బతిమాలిరి. ఎవరికై భయపడి పోదలచిరో వారే యుండుమనిరి! కోల్మనుగారు చిట్టగాంగు ప్రాంతమునకు వెడలెను. జడ్సను దంపతులు నిలిచిరి. ఆ జూలై నాటికి శిష్యుల సంఖ్య పది యాయెను. పదియవది మా మెన్లా యను స్త్రీ.

తరువాతి చరిత్ర మరింత కఠినమైనది. 1824లో ఇంగ్లీషువారికిని బర్మీయులకును యుద్ధము రాగా జడ్సనుగారిని గూఢచారిగా నెంచి చెరసాలలో నుంచిరి; 1826లో ఆన్ దొరసానిగారు కన్నుమూసిరి. అయినను 1834 జనవరి 31వ తేదీని బైబిలు యావత్తు బర్మీయభాషలో ముగిసెను. ఆ యనువాదమును అచ్చటి క్రైస్తవులు నేటికిని చదువుచున్నారు.

చదువరులారా, ఈ యేడేండ్లలో వారు వినుటకు వెచ్చించిన కాలమెంత, బోధించుటకు వెచ్చించిన కాలమెంత యని లెక్కించి చూడుడు. పొరుగువాని మాట నేర్చి, పొరుగువాని చాపమీద కూర్చున్నవానినే పొరుగువాడు పోవలదని యాపును.