‘తొలి మహిళ’ తర్వాత: ప్రేమ్ మాథుర్ జీవితం లేవనెత్తే ప్రశ్నలు

మన పత్రికలకు ‘తొలి మహిళ’ అన్న మాట మీద మక్కువ ఎక్కువ. తొలి మహిళా డాక్టరు, తొలి మహిళా కలెక్టరు, తొలి మహిళా పైలట్. ఆ మాట రాసి, పక్కన ఒక ఫోటో వేసి, ‘సాహస వనిత’ అని శీర్షిక పెడితే మార్చి 8కి సరిపడా వ్యాసం తయారవుతుంది. తొలి మహిళ వచ్చేసింది కాబట్టి ఇక దారి తెరుచుకున్నట్టేనని పాఠకుడు అనుకుంటాడు. తలుపు ఎవరు తెరిచారు, ఎంతవరకు తెరిచారు, లోపలికి వెళ్లిన మనిషిని ఎక్కడ కూర్చోబెట్టారు, రెండో మహిళ ఎన్నేళ్లకు వచ్చింది అన్న ప్రశ్నలు ఆ వ్యాసంలో కనిపించవు. జీవితచరిత్ర రాసేవాళ్లు, చదివేవాళ్లు అడగవలసినవి మాత్రం ఇవే. వీటిని మన ఊళ్లోనే, బేగంపేట విమానాశ్రయం సాక్షిగా పరిశీలించడానికి ప్రేమ్ మాథుర్ జీవితం పనికొస్తుంది.

ప్రేమ్ మాథుర్ తెలుగామె కాదు. అలీగఢ్‌లో పుట్టి అలహాబాదులో పెరిగిన ఉత్తరాది మధ్యతరగతి స్త్రీ. 1947లో కమర్షియల్ పైలట్ లైసెన్సు సంపాదించింది. 1949లో జాతీయ విమాన పందెంలో గెలిచింది. ఉద్యోగం కోసం ఎనిమిది కంపెనీలకు దరఖాస్తు పెడితే ఎనిమిదీ కాదన్నాయి. ఆమెను తీసుకున్నది హైదరాబాదులోని డెక్కన్ ఎయిర్‌వేస్. మనదేశంలో స్త్రీ ఒక విమాన సంస్థలో జీతానికి పైలట్‌గా చేరడం అదే మొదలు. చేరిన సంవత్సరం మాత్రం పుస్తకానికొక రకంగా ఉంటుంది. 1947 అని కొందరు, 1951 అని కొందరు. పోటీ పరీక్షలకు బట్టీ పట్టే ‘తొలి’ జాబితాల్లో చోటు సంపాదించిన మనిషికి కూడా ఒక ఖాయమైన తేదీ దక్కలేదు.

ఆమె గురించి రాసినవాళ్లంతా ఒక కథ తప్పకుండా చెబుతారు. అలహాబాదులో విమానం నడిపే కెప్టెన్ అటల్ అనే ఆయన, ఆడమనిషి భయపడి మానుకుంటుందిలే అనుకుని, ఆమెను ఎక్కించుకుని ఆకాశంలో పల్టీలు కొట్టించాడట. ఆమె బెదరలేదట. కథ బాగుంది. కాని ఈ కథకు అర పేజీ, ఎనిమిది తిరస్కారాలకు ఒక్క వాక్యం కేటాయించడంలోనే మన రచయితల దృక్పథం బయటపడుతుంది. పల్టీలు ఒక మనిషి గుండెధైర్యానికి సంబంధించినవి. తిరస్కారాలు ఒక పరిశ్రమ స్వభావానికి సంబంధించినవి. మొదటిది రాస్తే చప్పట్లు, రెండోది రాస్తే ఇబ్బంది.

ఆ పరిశ్రమ ఎలాంటిదో కొంచెం చూడాలి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం మనదేశంలో వదిలిపెట్టిన డకోటా విమానాలు చవగ్గా అమ్మకానికి వచ్చాయి. సైనికుల్ని, సరుకుల్ని మోసిన ఆ విమానాలకు బెంగుళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారంలో సీట్లు బిగించి ప్రయాణికుల విమానాలుగా మార్చారు. డబ్బున్న ప్రతివాడూ ఒక విమాన కంపెనీ పెట్టాడు. అదే సమయంలో వైమానిక దళం నుంచి విడుదలైన మగ పైలట్లు పని కోసం తిరుగుతున్నారు. చౌకగా శ్రమ దొరుకుతున్నప్పుడు యజమాని కొత్తరకం మనిషిని తీసుకుని ‘ప్రయోగం’ చేయడు. అయితే ఆ మాట పైకి అనలేదు. ఆడమనిషి నడుపుతోందని తెలిస్తే ప్రయాణికులు భయపడతారన్నది ఆమెకు చెప్పిన కారణమని జీవితకథలు చెబుతున్నాయి. ప్రయాణికుల్ని అడిగి చూసినవాళ్లు ఎవరూ లేరు!

డెక్కన్ ఎయిర్‌వేస్ సంగతి మరీ విచిత్రం. 1945లో ఏర్పడిన ఆ సంస్థలో పెద్ద వాటా నిజాం ప్రభుత్వానిది, మిగతాది టాటాలది. 1946 జులైలో సర్వీసులు మొదలుపెట్టింది. భూమి మీద వెట్టిచాకిరీ, ఆకాశంలో డకోటా. తెలంగాణ పల్లెల్లో దొర గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని నడవవలసిన రోజుల్లో, అదే రాజ్యానికి వాటా ఉన్న కంపెనీ విమానాలు మద్రాసుకూ ఢిల్లీకీ ఎగురుతున్నాయి. ఆధునిక యంత్రం వస్తే ఆధునిక సంబంధాలు వాటంతట అవే వస్తాయని నమ్మే అమాయకులకు ఇంతకంటే మంచి పాఠం దొరకదు. అలాంటి సంస్థే, దేశంలోని ‘పురోగామి’ కంపెనీలు కాదన్న స్త్రీని తీసుకుంది. దాన్ని చూసి నిజాం రాజ్యం స్త్రీల పట్ల ఉదారమైనదని తీర్మానిస్తే పొరపాటు. ఎందుకంటే అసలు కథ ఆమె ఉద్యోగంలో చేరాకే మొదలవుతుంది.

విమానం గురించి తెలియని పాఠకుల కోసం ఒక వివరణ. డకోటా కాక్‌పిట్‌లో ముందు రెండు సీట్లు ఉంటాయి. ఎడమవైపు కెప్టెన్, కుడివైపు కో-పైలట్. నడిపే సాధనాలు ఇద్దరి ముందూ ఉంటాయి. కాని ఆజ్ఞ ఎడమ సీటుది. వాతావరణం బాగోలేదు, వెనక్కి తిప్పుదాం అని తేల్చేది ఆ సీటు. కాగితాల మీద సంతకం, చట్టం ముందు జవాబుదారీ, పెద్ద జీతం ఆ సీటువే. ప్రతి పైలట్ దగ్గరా లాగ్ బుక్ అని ఒక పుస్తకం ఉంటుంది. అందులో ‘కమాండ్’లో గడిపిన గంటలు వేరు, కో-పైలట్‌గా గడిపిన గంటలు వేరు. కుడి సీటులో ఎన్ని వేల గంటలు కూర్చున్నా, కమాండ్ ఇవ్వకపోతే ఆ మనిషి పై మెట్టు ఎక్కలేదు. మన ఆఫీసుల్లో ‘ఇన్‌చార్జ్’ బాధ్యతలు మోసి పదోన్నతి లేకుండా రిటైరయ్యే స్త్రీలకు ఇది కొత్త సంగతేమీ కాదు.

ప్రేమ్ మాథుర్‌కు డెక్కన్ ఎయిర్‌వేస్ ఇచ్చింది కుడి సీటు. లేడీ మౌంట్‌బాటెన్, ఇందిరా గాంధీ, లాల్ బహదూర్ శాస్త్రి ఆమె కో-పైలట్‌గా ఉన్న విమానాల్లో ప్రయాణించారని ఆమె గురించి రాసినవాళ్లు గర్వంగా చెబుతారు. ఎడమ సీటు అడిగితే సంస్థ ఒప్పుకోలేదు. ఆమె ఆ ఉద్యోగం వదిలి, ఢిల్లీ వెళ్లి జి.డి. బిర్లా సొంత విమానానికి పైలట్‌గా చేరింది. ప్రజల్ని మోసే సంస్థలో ఒక స్త్రీకి దొరకని కమాండ్‌ను వెతుక్కుంటూ పెట్టుబడిదారు సొంత విమానం దాకా వెళ్లవలసి రావడం చిన్న విషయం కాదు. నా దృష్టిలో ఆమె చేసిన అసలు సాహసం ఈ రాజీనామా. పల్టీలు కొట్టే విమానంలో కూర్చోవడం కంటే, తొమ్మిదో గుమ్మంలో దొరికిన ఒకే ఒక్క ఉద్యోగాన్ని ఇది చాలదని వదులుకోవడం కష్టం.

ఇది నిజాంల, బిర్లాల దేశపు వెనుకబాటుతనం అని తేల్చేయడానికీ వీల్లేదు. అమెరికాలో హెలెన్ రిచీ 1934 డిసెంబరు చివర సెంట్రల్ ఎయిర్‌లైన్స్‌లో పైలట్‌గా చేరింది. కంపెనీకి ఆమె వల్ల మంచి ప్రచారం వచ్చింది. కాని పైలట్ల యూనియన్ ఆమెకు సభ్యత్వం ఇవ్వలేదు. వాతావరణం బాగోలేనప్పుడు ఆమెను ఎగరనివ్వవద్దని ప్రభుత్వ శాఖ సూచించింది. ఏడాది తిరగకుండానే 1935లో ఆమె రాజీనామా చేసింది. అక్కడ ఒక పెద్ద విమాన సంస్థలో మళ్లీ స్త్రీ పైలట్‌గా చేరడానికి 1973 దాకా, అంటే ఎమిలీ హొవెల్ వార్నర్ వచ్చేదాకా ఆగవలసి వచ్చింది. మధ్యలో యుద్ధం జరిగింది. ఆ యుద్ధంలో బ్రిటన్‌లో నూట అరవైకి పైగా స్త్రీలు కర్మాగారాల నుంచి స్థావరాలకు యుద్ధవిమానాలు నడిపి చేరవేశారు. 1943లో మగ పైలట్లతో సమానంగా జీతం సాధించుకున్నారు. సోవియట్ యూనియన్‌లో మరీనా రస్కోవా కూడగట్టిన దళాల స్త్రీలు రాత్రిపూట పాత పో-2 విమానాల మీద బాంబులు మోసుకెళ్లి నాజీల మీద వేశారు. స్త్రీకి బలం చాలదు, నిబ్బరం చాలదు అన్న వాదన 1945 నాటికే చచ్చిపోయింది. చచ్చిన వాదనను బతికించుకున్నది లాభమూ, అలవాటూ.

హెలెన్ రిచీని కాదన్నది యజమాని కాదు, కార్మిక సంఘం. అభ్యుదయ రచయితలు ఇక్కడ కాస్త ఆగాలి. ఇది దూరదేశపు ముచ్చట కూడా కాదు. రహమత్ నగర్, కృష్ణానగర్ గల్లీల్లో ఉండే సినిమా కార్మికులను అడిగితే సంఘం కార్డు విలువ ఏమిటో చెబుతారు. కార్డు లేనిదే సెట్టు మీద పని లేదు. బొంబాయి సినిమా మేకప్ కళాకారుల సంఘం స్త్రీలకు మేకప్ కార్డు ఇచ్చేది కాదు, తలకట్టు పని మాత్రమే చేయమనేది. 2014 నవంబరులో చారు ఖురానా కేసులో సుప్రీంకోర్టు ఇది చెల్లదని చెప్పేదాకా ఆ ‘సంప్రదాయం’ నడిచింది. హీరోయిన్ మొహానికి రంగు వేయడానికి కూడా స్త్రీకి కుడి సీటే!

ప్రేమ్ మాథుర్ హైదరాబాదు అనుభవానికి కాస్త అటూ ఇటూగా, ఇదే నేల మీద తెలంగాణ సాయుధ పోరాటం నడిచింది. ఆ స్త్రీల మాటల్ని స్త్రీ శక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చింది. దళం నడిపిన మల్లు స్వరాజ్యం వంటివారు అందులో ఉన్నారు. 1951లో పోరాటం విరమించాక, ఇక ఇంటికి వెళ్లండి, సంసారాలు చూసుకోండి అని చెప్పించుకున్న చేదు ఆ పుస్తకం నిండా ఉంది. వెట్టికి వ్యతిరేకంగా తుపాకీ పట్టిన స్త్రీకీ, నిజాం వాటా ఉన్న కంపెనీలో డకోటా నడిపిన స్త్రీకీ వర్గరీత్యా పోలికే లేదు. ఆ తేడాను చెరిపేయడం నా ఉద్దేశం కాదు. కాని అవసరం ఉన్నంతకాలం చోటిచ్చి, అధికారం దగ్గరకు వచ్చేసరికి ఆపేయడం రెండు చోట్లా జరిగింది. ఆ పుస్తకం చేసిన మేలు ఏమిటంటే, వీరగాథ దగ్గర ఆగకుండా ‘తర్వాత ఏమైంది’ అని అడగడం. ప్రేమ్ మాథుర్‌ను ఆమె బతికుండగా అలా కూర్చోబెట్టి అడిగిన తెలుగు రచయిత ఎవరూ కనిపించరు. ఆమె 1992లో చనిపోయింది.

అడగకపోవడానికి కారణం ఉంది. మన కథల్లో, సినిమాల్లో విమానం కనిపిస్తే దానితో పాటు వచ్చే స్త్రీ ఎయిర్ హోస్టెస్. చిరునవ్వు, చేతిలో పళ్లెం. ఆ చిరునవ్వు వెనుక ఎలాంటి చాకిరీ ఉండేదో 1981లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన నర్గీస్ మీర్జా కేసు చదివితే తెలుస్తుంది. ఉద్యోగంలో చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకుంటే ఉద్యోగం పోవాలి, తొలి గర్భంతోనే పోవాలి, లేదా ముప్పై అయిదేళ్లకు పోవాలి అన్నవి ఎయిర్ ఇండియా నిబంధనలు. గర్భం వస్తే తీసేయడం రాజ్యాంగ విరుద్ధమన్న కోర్టు, పెళ్లి నిబంధనను మాత్రం సమర్థించింది. ఈ తీర్పు మీద ఒక మంచి నవల రాయవచ్చు. కాని మన నవలల్లో ఆ అమ్మాయి హీరోకు కాఫీ ఇచ్చి వెళ్లిపోయేది.

1953 ఆగస్టులో డెక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ఎనిమిది కంపెనీలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌గా జాతీయం చేశారు. ప్రేమ్ మాథుర్ తర్వాత అందులో పనిచేసిందని రాసినవాళ్లున్నారు. అదే సంస్థలో తొలి మహిళా పైలట్ అంటూ 1966లో చేరిన దుర్బా బెనర్జీ గురించి రాసినవాళ్లూ ఉన్నారు. ఒకే సంస్థకు ఇద్దరు ‘తొలి మహిళలు’ ఎలా అన్న అనుమానం ఈ రచయితలకు రాలేదు. జాతీయం చేసిన సంస్థలో కూడా, కాక్‌పిట్ మొత్తం స్త్రీలే నడిపిన విమానం 1985లో గాని ఎగరలేదు. సౌదామిని దేశ్‌ముఖ్ కెప్టెన్, నివేదిత భాసిన్ కో-పైలట్, కలకత్తా నుంచి సిల్చార్‌కు. మన పక్కనే ఉన్న దుండిగల్ వైమానిక అకాడమీలో ముగ్గురు స్త్రీలు యుద్ధవిమాన పైలట్లుగా బయటికి వచ్చింది 2016లో.

2021 జులైలో శిరీష బండ్ల రిచర్డ్ బ్రాన్సన్ రాకెట్ విమానంలో ప్రయాణించినప్పుడు మన పత్రికలు ఆమె ఊరు, ఇంటిపేరు, తాతగారి ఇల్లు అన్నీ రాశాయి. రాయవలసిందే. కాని తెలుగు మూలాలు ఉంటేనే మన చరిత్ర, బేగంపేట రన్‌వే మీద పని చేస్తే మన చరిత్ర కాదు అనుకోవడం రక్తసంబంధాల చరిత్ర అవుతుంది గాని శ్రమ చరిత్ర కాదు.

2021 నాటికి మనదేశంలో పైలట్లలో స్త్రీలు పన్నెండు శాతం పైచిలుకు. ప్రపంచ సగటుకు ఇది రెట్టింపు. అంకె చూసి సంతోషించేముందు ఖర్చు కూడా చూడాలి. కమర్షియల్ లైసెన్సుకు రెండు వందల గంటలు ఎగరాలి. శిక్షణకు అయ్యే ఖర్చు అరకోటి రూపాయల పైమాట. అంటే, గుమ్మం దగ్గర ‘ఆడవాళ్లకు ప్రవేశం లేదు’ అన్న బోర్డు తీసేసి ఫీజు బోర్డు పెట్టారు. 2008లో ప్రయాణికుల విమానాలు శంషాబాదుకు తరలిపోయేదాకా రహమత్ నగర్ మేడల మీద నిలబడి ఉత్తరానికి చూస్తే సనత్ నగర్ మీదుగా బేగంపేటకు దిగే విమానాలు కనిపించేవి. వాటిని చూస్తూ పెరిగిన ఆడపిల్లలు చాలామందే ఉంటారు.

పాతబస్తీలో ఒక బేకరీ కార్మికుడి కూతురు సయ్యిదా సల్వా ఫాతిమా ఆ ఫీజు బోర్డును దాటింది. ఒక ఉర్దూ పత్రిక సంపాదకుడి సాయంతో 2007లో హైదరాబాదు ఏవియేషన్ అకాడమీలో చేరింది. లైసెన్సు చేతికొచ్చినా, పెద్ద విమానం నడపడానికి కావలసిన ప్రత్యేక శిక్షణకు డబ్బు లేక ఆగిపోయింది. 2015లో తెలంగాణ ప్రభుత్వం సాయం చేశాక ఆ శిక్షణ కూడా పూర్తిచేసి, ఎయిర్‌బస్ 320లో కో-పైలట్‌గా చేరింది. కుడివైపు సీటులో.