కోచ్ చేతికందే లెక్క

బాసర అనగానే అక్షరాభ్యాసం గుర్తొస్తుంది. ఆ ఊళ్లోనే 2008లో మొదలైన ఆర్జీయూకేటీ కూడా ఉంది. అందరూ ట్రిపుల్ ఐటీ అని పిలిచే ఆ విద్యాసంస్థలో పదో తరగతి పాసైన పిల్లలు చేరి ఆరేళ్లు చదువుతారు. వాళ్లలో ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చినవాళ్లే. కబడ్డీ బరి, వాలీబాల్ నెట్టు చూస్తూ పెరిగి, ఇప్పుడు కోడింగ్ నేర్చుకుంటున్న ఈ పిల్లల కోసమే, ఆటల లెక్కను కోచ్‌కు ఎలా అందించాలో చెప్పే ఈ విశేషాలు.

* బాసర దగ్గర గోదావరి దాటితే నిజామాబాద్ జిల్లా. 2022లో ఇస్తాంబుల్‌లో బాక్సింగ్ 52 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్ అయిన నిఖత్ జరీన్ సొంతూరు నిజామాబాదే. ఫైనల్లో ఐదుగురు జడ్జీలూ ఆమెవైపే మొగ్గారు. బాక్సింగ్‌లో ఒక్కో రౌండు మూడు నిమిషాలు, మధ్య విరామం ఒక్క నిమిషం. బాక్సర్ నీళ్లు తాగి, ఊపిరి తీసుకునే ఆ నిమిషంలోనే కోచ్ చెప్పాల్సింది చెప్పేయాలి. ప్రత్యర్థి వీడియోలు ఎన్ని గంటలు చూసినా, ఎన్ని పట్టికలు వేసినా, చివరికి అదంతా రెండు ముక్కల్లోకి దిగాల్సిందే.

* బ్యాడ్మింటన్‌లోనూ ఇంతే. ఒకరి స్కోరు 11కు చేరగానే 60 సెకన్ల విరామం, గేముకూ గేముకూ మధ్య రెండు నిమిషాలు. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో పి.వి. సింధు మొదటి గేమ్ 21-19తో గెలిచి, తర్వాతి రెండూ మారిన్‌కు వదులుకుంది. అలాంటి మ్యాచ్‌లో గోపీచంద్ స్థాయి కోచ్‌కైనా దొరికేది ఆ కొద్ది క్షణాలే. అప్పుడు చేతిలో ఇరవై పేజీల రిపోర్టు ఉండి ఏం లాభం?

* ఫుట్‌బాల్ చరిత్రలో అన్నిటికన్నా పేరు మోసిన డేటా రిపోర్టు గోల్‌కీపర్ మేజోడులో దాగింది! 2006 ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్, బెర్లిన్. జర్మనీ, అర్జెంటీనా 1-1తో సమంగా నిలిచి పెనాల్టీలకు వచ్చాయి. అప్పుడు జర్మనీ గోల్‌కీపర్ లేమన్‌కు కోచ్ కోప్కె హోటల్ కాగితం ముక్క ఒకటి అందించాడు. అర్జెంటీనా ఆటగాళ్లు బంతిని ఎటు కొడతారో దాని మీద పెన్సిల్‌తో రాసి ఉంది. పేరుకో వరస, అంతే. నిజానికి కిక్కు కొట్టిన నలుగురిలో ఇద్దరి పేర్లే అందులో ఉన్నాయి. చివరగా వచ్చిన కాంబియాసో పేరు లేనే లేదు. అయినా లేమన్ అతని ముందే కాగితం తీసి నింపాదిగా చదివాడు, ఆ కిక్కునూ ఆపాడు. జర్మనీ 4-2తో గెలిచింది. ఆ కాగితం తర్వాత సేవా కార్యక్రమం కోసం పది లక్షల యూరోలకు అమ్ముడుపోయింది. నా దృష్టిలో దాని గొప్పతనమంతా పొదుపులో ఉంది. ఎవరికి, ఏ క్షణంలో, ఏది కావాలో అంతే రాశారు.

* 2020 డిసెంబరులో కేప్‌టౌన్‌లో ఇంగ్లండ్ క్రికెట్ జట్టు విశ్లేషకుడు నేథన్ లీమన్ బాల్కనీలో ఒక అంకె, ఒక అక్షరం ఉన్న అట్టలు పెట్టి మైదానంలోని కెప్టెన్ మోర్గాన్‌కు సంకేతాలిచ్చాడు. ఇది సబబేనా అని విమర్శలొచ్చాయి. సూచన మాత్రమే, నిర్ణయం కెప్టెన్‌దే అన్నారు జట్టువాళ్లు. ఆ హద్దు ఉండాల్సిందే.

* ఉన్న సమాచారంలో ఏదీ పోకుండా కొద్ది అంకెల్లోకి కుదించవచ్చా? సంఖ్యాశాస్త్రంలో ఇది పెద్ద ప్రశ్న. అలా కుదించిన సారం ఆధారంగా అంచనాను ఇంకా మెరుగు చేయవచ్చని 1945 నాటి పరిశోధన పత్రంలో చూపింది మన తెలుగువాడు సి.ఆర్. రావు. రావ్-బ్లాక్‌వెల్ సిద్ధాంతంగా ప్రపంచమంతా చదువుకునేది దాన్నే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన ఆయనకు 2023లో, 102 ఏళ్ల వయసులో, అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమతి దక్కింది.

* కుదింపు తప్పితే ప్రమాదమే. ఇంగ్లండ్‌లో చార్లెస్ రీప్ 1950 నుంచి ఫుట్‌బాల్ మ్యాచ్‌లలో పాస్‌లన్నీ చేత్తో రాసుకున్నాడు. చాలా గోల్స్ మూడు లేదా అంతకన్నా తక్కువ పాస్‌ల తర్వాతే వస్తున్నాయి కాబట్టి బంతిని దూరంగా తన్నడమే మేలన్నాడు. అసలు ఆటలో ఎక్కువ దాడులు మూడు పాస్‌లలోపే ముగిసిపోతాయన్న సంగతి ఆ లెక్కలోకి రాలేదు. వచ్చిన గోల్స్‌తో పాటు చేసిన ప్రయత్నాలూ చెప్పకపోతే కోచ్ మోసపోతాడు.

* ఇక మన కబడ్డీ. 40 నిమిషాల ఆట, కూతకు 30 సెకన్లు. సుమారు 80 కూతలు. ఎదుటి బరిలో ఆరుగురు లేదా ఏడుగురు ఉంటేనే బోనస్ గీత పనికొస్తుంది. ముగ్గురు లేదా అంతకన్నా తక్కువమంది ఉన్నప్పుడు పట్టేస్తే వాళ్లకు అదనపు పాయింటు. అంటే బరిలో ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి కూతకు ఎవరిని పంపాలో మారిపోతుంది. ఆర్జీయూకేటీ పిల్లలు ఎవరైనా ఊరి జట్టుకు సాయపడదలిస్తే కూతకొక వరస రాయండి: ఎవరు వెళ్లారు, ఎదురుగా ఎందరున్నారు, ఏ మూల నుంచి పట్టారు, ఏం వచ్చింది. కంప్యూటర్‌లో ఎంత లోతుగానైనా విడగొట్టుకోండి. పీఈటీ సారుకు మాత్రం విరామంలో ఒకటే చెప్పండి: “సార్, మనోడు ఎడమ మూలకు ఆరుసార్లు పోయి నాలుగుసార్లు దొరికిండు, కుడికి పంపి చూద్దామా?”